దుంగ లేని లారీ సగం మోడలే

మన కాలేజీలో ‘మోడల్’ అనే మాటకి రెండే అర్థాలు. ఒకటి, పైథాన్‌లో ట్రైన్ చేసేది. రెండోది, టెక్‌ఫెస్ట్ ముందు రోజు రాత్రి థర్మకోల్‌తో, ఫెవికాల్‌తో తయారై, మర్నాడు సాయంత్రానికి చెత్తబుట్టలో పడేది. దీనికి మూడో అర్థం కూడా ఉంది. నిజంగా ఒకప్పుడు తిరిగిన యంత్రాన్ని తీసుకుని, దాని కొలతలన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గించి, ఒక్కో భాగం ఎందుకుందో తెలుసుకుంటూ చేత్తో కట్టడం. దీన్ని స్కేల్ మోడలింగ్ అంటారు. కొందరు విమానాలు కడతారు, కొందరు ఓడలు. నేను పట్టుకున్నది అడవిలో దుంగలు మోసే పాత లారీని.

సీఎస్ఈ వాడికి లారీతో ఏం పని అని మీరు అడగొచ్చు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంజనీరింగ్ చదివే ప్రతి ఒక్కరూ ఒక్కసారైనా ఇలాంటి పాత యంత్రాన్ని స్కేల్‌లో కట్టి చూడాలి. అయితే యంత్రాన్ని ఒక్కదాన్నే కట్టి షో కేసులో పెట్టేస్తే అది సగం పనే. అది దేన్ని మోయడానికి పుట్టిందో దాన్ని కూడా అదే స్కేల్‌లో పక్కన పెట్టాలి. నా లారీ విషయంలో ఆ ‘దేన్ని’ అంటే చెట్టు. గొడవంతా అక్కడే ఉంది.

ఏ లారీ ఇది?

కెనడా పశ్చిమ తీరంలో బ్రిటిష్ కొలంబియా అనే రాష్ట్రం ఉంది. అక్కడి వాంకూవర్ నగరంలో 1920లో హేస్-ఆండర్సన్ అనే కంపెనీ మొదలైంది. తర్వాత అదే హేస్ మాన్యుఫాక్చరింగ్ అయింది. వాళ్లు చేసిన వాటిలో పేరున్నది హెచ్‌డీఎక్స్ అనే మోడల్. ఇది మన హైవే మీద తిరిగే లారీ లాంటిది కాదు. కలప కంపెనీలు అడవిలో సొంతంగా వేసుకున్న రోడ్ల మీద మాత్రమే తిరిగేది. పబ్లిక్ రోడ్డు కాదు కాబట్టి వెడల్పుకి, బరువుకి హైవే రూల్స్ వర్తించవు. మామూలు లారీ వెడల్పు ఎనిమిదిన్నర అడుగులైతే, ఈ లారీల్లో దుంగలు పెట్టే అడ్డదూలం వెడల్పే 12 అడుగులు, కొన్నిటికి అంతకన్నా ఎక్కువ. లోడుతో కలిపి వంద టన్నులు దాటడం అక్కడ వింత కాదు.

1947లో హేస్‌లో పనిచేసిన కొందరు బయటికొచ్చి అదే ఊళ్లో పసిఫిక్ అనే ఇంకో కంపెనీ పెట్టారు. వాళ్ల పీ-16 కూడా ఇలాంటి రాక్షసే. స్టార్టప్ కథలు మన జనరేషన్‌తోనే మొదలయ్యాయని అనుకునేవాళ్ల కోసం ఈ ముక్క రాస్తున్నాను. 1969లో హేస్‌లో ఎక్కువ వాటాని మ్యాక్ కంపెనీ కొనేసింది. 1974లో అది ప్యాకార్ చేతికి వెళ్లింది, 1975లో మూతపడింది. పసిఫిక్ 1991 దాకా నడిచింది.

ఇవి షోరూములో వరసగా నిలబెట్టి అమ్మిన లారీలు కావు. కొనేవాడి అవసరాన్ని బట్టి, తక్కువ సంఖ్యలో, ఆర్డర్ మీద కట్టినవి. అందుకే ‘హెచ్‌డీఎక్స్ మోడల్ చేస్తున్నాను’ అంటే సరిపోదు, ‘ఈ ఫోటోలో ఉన్న ఈ లారీని చేస్తున్నాను’ అనాలి. ఇంజన్ మారుతుంది, ట్యాంకు మారుతుంది, బంపర్ మారుతుంది. రిపోజిటరీ ఒకటే కానీ ప్రతి కస్టమర్‌కి ఒక బ్రాంచ్ అన్నమాట.

ప్రతి భాగం ఒక జవాబు

ఫోటో చూసి బొమ్మ గీయడం వేరు, మోడల్ కట్టడం వేరు. గీసేటప్పుడు అర్థంకాని చోట కాస్త నీడ కొట్టి తప్పించుకోవచ్చు. కట్టేటప్పుడు కుదరదు. ఆ పైపు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో తెలియకపోతే చెయ్యి ఆగిపోతుంది. అప్పుడు ‘ఇది ఎందుకుంది?’ అని అడగక తప్పదు.

ఉదాహరణకి ట్రైలర్ చూడండి. ఈ లారీ వెనక ఉండే ట్రైలర్‌కి మనం అనుకునే ప్లాట్‌ఫారం ఉండదు. లారీ మీద ఒక అడ్డదూలం, దూరంగా ట్రైలర్ చక్రాల మీద ఇంకో అడ్డదూలం. ఈ రెంటి మీదా దుంగలు పడుకుంటాయి. అంటే లారీని, ట్రైలర్‌ని కలిపే చాసిస్ దుంగలే! సరుకే బండిలో భాగం అయిపోతుంది. అది కాక కింద ఒక పొడవాటి గొట్టం కూడా రెంటినీ కలుపుతుంది. మలుపులో ఆ గొట్టం ముందుకీ వెనక్కీ జారాలి. ఎందుకంటే దుంగలు కదలకుండా పట్టుకున్న రెండు అడ్డదూలాల మధ్య దూరం మారదు. గొట్టం తగిలించిన కొక్కెం మాత్రం అడ్డదూలం ఇరుసు దగ్గర కాకుండా లారీ చివర ఉంటుంది కాబట్టి, బండి తిరిగినప్పుడు ఆ కొక్కెం నుంచి ట్రైలర్‌కి ఉన్న దూరం మారుతుంది. నమ్మకం కలగకపోతే కాగితం మీద ఒక త్రిభుజం గీసి చూడండి, కొసైన్ రూల్ చాలు. మోడల్‌లో ఆ గొట్టాన్ని జిగురుతో అతికించేస్తే బండి తిన్నగా మాత్రమే పోతుంది. ఇంటర్‌లో మార్కుల కోసం చదివిన త్రికోణమితి ఇక్కడ ఉక్కు గొట్టం రూపంలో కనపడింది.

ఇంకోటి, నీళ్ల ట్యాంకు. క్యాబిన్ వెనక పెద్ద ట్యాంకు ఉంటుంది. చాలామంది డీజిల్ అనుకుంటారు. అది బ్రేకుల మీద పొయ్యడానికి! చిన్న పైపుల ద్వారా ఆ నీళ్లు బ్రేక్ డ్రమ్ముల మీద పడుతుంటాయి. ఎందుకో లెక్కేద్దాం. లోడ్ ఎప్పుడూ కొండ మీద నుంచి కిందికే వస్తుంది. వంద టన్నుల బండి నిలువులో 500 మీటర్లు దిగిందనుకుంటే, ద్రవ్యరాశి × గురుత్వం × ఎత్తు, అంటే 490 మెగాజౌళ్లు. కరెంటు భాషలో 136 యూనిట్లు. చిన్న కుటుంబానికి నెల బిల్లులో వచ్చే అంకె లాంటిది. ఆ శక్తంతా ఒక్క దిగుడులో వేడిగా మారాలి. మొత్తాన్నీ నీళ్లే తీసుకోవాలంటే, 20 డిగ్రీల నీళ్లు మరిగి ఆవిరైపోయే లెక్కన దాదాపు 190 లీటర్లు. నిజంలో కొంత వేడిని ఇంజన్ మింగుతుంది, కొంత గాలిలో కలుస్తుంది. ఇంకోపక్క, కారే నీళ్లన్నీ ఆవిరి కావు, చాలావరకు రోడ్డు మీదే పడిపోతాయి. అందుకే ట్యాంకు అంత పెద్దది.

ఇంజన్ మింగే వేడి గురించి కూడా ఒక కథ ఉంది. 1931లో క్లెసీ కమిన్స్ అనే ఇంజన్ల తయారీదారు తన డీజిల్ ట్రక్కుతో కాలిఫోర్నియాలోని కహోన్ కనుమ దిగుతున్నాడు. బ్రేకులు చాలలేదు. కింద రైలు గేటు దగ్గర రైలు వెళ్తోంది. వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. ఆ భయం ఆయన్ని చాలా ఏళ్లు వదల్లేదు. చివరికి ఇంజన్‌నే బ్రేకుగా వాడే పద్ధతి కనిపెట్టాడు. సిలిండర్ గాలిని నొక్కిన తర్వాత, ఆ గాలి పిస్టన్‌ని తిరిగి తోయకముందే వాల్వ్ తెరిచి బయటికి వదిలేయడం. ఇంజన్ శక్తి ఇచ్చే యంత్రం కాస్తా శక్తి తినే కంప్రెసర్ అవుతుంది. 1961లో జేకబ్స్ కంపెనీ దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. అదే ‘జేక్ బ్రేక్’. మోడల్‌లో ఇది బయటికి కనపడదు. కానీ తెలిశాక ఆ ఇంజన్ మూత మామూలు మూతలా అనిపించదు.

మన సిలబస్‌లో లెగసీ కోడ్ చదవడం గురించి ఒక్క పేపర్ కూడా లేదు. ఉద్యోగంలో చేరాక మొదటి రోజు నుంచీ అదే పని అంటారు సీనియర్లు. వేరేవాళ్లు ఎప్పుడో రాసింది, కామెంట్స్ లేనిది, ఎందుకుందో తెలియనిది. తీసేస్తే ఏం కూలుతుందో కూడా తెలియదు. పాత లారీ మోడల్ కట్టడం సరిగ్గా ఆ ప్రాక్టీసే. ‘ఈ నీళ్ల ట్యాంకు అనవసరం’ అని తీసేసేవాడు కోడ్‌లో కూడా ఏదో ఒక రోజు అలాంటి ట్యాంకునే తీసేస్తాడు.

హాస్టల్ గదిలో వర్క్‌షాప్

‘ఇదంతా విదేశాల్లో డబ్బున్నవాళ్ల హాబీ మామా’ అని మా రూమ్మేట్ అంటుంటాడు. కిట్లు కొంటే ఖర్చు నిజమే. అమెరికన్ లారీల ప్లాస్టిక్ కిట్లు చాలావరకు 1/25లో లేదా 1/24లో వస్తాయి, దిగుమతి కలిపితే మన మెస్ బిల్లుని మించిపోతాయి. కానీ ఈ పనికి కిట్ తప్పనిసరి కాదు. ప్రాజెక్టుల కోసం మనం కొనే సన్‌బోర్డు, పాత ఏటీఎం కార్డులు, అగరబత్తి పుల్లలు, పెన్ను రీఫిళ్లు, ఇయర్‌ఫోన్ వైర్లు, వీటితో చాలా దూరం పోవచ్చు. నేను 1/25 ఎంచుకున్నాను, అంటే నిజం లారీలో 25 సెంటీమీటర్లు నా టేబుల్ మీద ఒక సెంటీమీటరు.

టైర్లే అసలు తలనొప్పి. ముందు రెండు, వెనక ఎనిమిది, ట్రైలర్‌కి ఎనిమిది, మొత్తం 18. నిజం టైరు మనిషి ఛాతీ దాకా వస్తుంది, 1/25లో అయిదు సెంటీమీటర్ల పైచిలుకు. దీనికి పరిష్కారం మన ఊళ్లలో పిల్లలు ఎప్పుడో కనిపెట్టేశారు. అరిగిపోయిన హవాయి చెప్పుల్ని గుండ్రంగా కోసి బండి చక్రాలు చేసుకునేవాళ్లు కదా, అదే! చెప్పు మందం కూడా ఈ స్కేల్‌కి ఇంచుమించు సరిపోతుంది. కెనడా అడవి లారీకి మన చెప్పుల చక్రాలు.

త్రీడీ ప్రింటర్ ఉండగా ఈ కష్టమెందుకు అనేవాళ్లూ ఉన్నారు. ప్రింటర్‌తో నాకు పేచీ లేదు. ఎవరో చేసిన ఫైల్ దింపుకుని ప్రింట్ కొట్టడంతోనే పేచీ. అందులో అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆ ఫైల్ చేసినవాడు అడిగేశాడు, మనకి జవాబు మాత్రమే దొరుకుతుంది. ఫోటోల నుంచి మీరే కొలతలు తీసి, మీరే డ్రాయింగ్ వేసి, తర్వాత ప్రింట్ చేసుకోండి, నాకు ఓకే. పక్కవాటంగా తీసిన ఫోటోలో ఒక చదును ముఖానికి నాలుగు మూలలు గుర్తుపట్టి, దాని వెడల్పు-ఎత్తుల నిష్పత్తి తెలిస్తే, దాన్ని ఎదురుగా తీసినట్టు సరిచెయ్యొచ్చు. ఓపెన్‌సీవీలో నాలుగు లైన్ల పని. కంప్యూటర్ విజన్ ల్యాబ్‌లో అందరం చదరంగం బోర్డు ఫోటోతో చేసేదే. అదే పని లారీ తలుపు మీద చేసి, ఆ తలుపు ఎత్తు సెంటీమీటర్లలో తేలినప్పుడు వచ్చే మజా వేరు.

ఇంకో ముఖ్యమైన లెక్క. పొడవు 25 రెట్లు తగ్గితే బరువు 25 రెట్లు కాదు, 25 × 25 × 25, అంటే 15,625 రెట్లు తగ్గుతుంది. వంద టన్నుల లారీ అవే పదార్థాలతో చేసినా 6.4 కిలోలే. మనం వాడేది సన్‌బోర్డు కాబట్టి ఇంకా తక్కువ. అందుకే మోడల్ లారీ దాని లోడు కింద ఎప్పుడూ వంగదు. స్ప్రింగులు కుంగవు, టైర్లు కింద ఉబ్బవు. కట్టేవాడే స్ప్రింగుల్ని కుంగినట్టు వంచాలి, టైర్ల అడుగుని కాస్త చదును చెయ్యాలి. లేకపోతే కొలతలన్నీ కరెక్టుగా ఉన్నా చూసేవాడికి ‘బొమ్మ’ అని తెలిసిపోతుంది. బరువు దానంతట అది చిన్న స్కేల్‌లోకి రాదు, మనమే చూపించాలి.

‘చెట్లు నరికే లారీకి మోడలా?’

ఇక అసలు విషయం. ఈ లారీ ఫోటో చూపించగానే మా క్లాసులో ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. మంచి ప్రశ్న. దీనికి ‘అది జస్ట్ హాబీ’ అని జవాబు చెప్పడం నాకు నచ్చదు.

వాంకూవర్ అనే పేరుతో ఒక దీవి కూడా ఉంది. దాని పడమటి తీరంలో ఏడాదికి మూడు మీటర్లకి పైగా వాన పడే చోట్లున్నాయి. అక్కడ డగ్లస్ ఫర్, రెడ్ సెడార్, సిట్కా స్ప్రూస్ చెట్లు వందల ఏళ్లు పెరిగాయి. ఆ తీరం మూలవాసులు ఒకే సెడార్ మానుని తొలిచి సముద్రంలో పోయే పడవలు చేసుకునేవాళ్లు. తర్వాత కలప కంపెనీలొచ్చాయి. ముందు ఆవిరి యంత్రాలు, అడవి రైళ్లు. రైలు ఎక్కలేని ఏటవాలు కొండల్లోకి లారీలు ఎక్కాయి. 1993లో అదే దీవిలో క్లేయోక్వాట్ సౌండ్ దగ్గర జనం రోడ్డుకి అడ్డంగా కూర్చుంటే 800 మందికి పైగా అరెస్టయ్యారు. 2020లో ఫెయిరీ క్రీక్ దగ్గర మళ్లీ మొదలైంది, ఈసారి అరెస్టులు 1,100 దాటాయి. లారీలు మారిపోయాయి, గొడవ మారలేదు.

ఇంకో పక్క కూడా ఉంది. ఆ లారీలు నడిపినవాళ్లు, బ్రేకులు పోతాయేమోనని ప్రతి దిగుడులో చెవులు రిక్కించినవాళ్లు విలన్లు కాదు. ఊళ్లకి ఊళ్లు ఆ పని మీద బతికాయి. వాళ్ల నైపుణ్యం నిజం. నీళ్ల ట్యాంకు, జారే గొట్టం, వీటిలో ఉన్న తెలివి నిజం. నరికిన చెట్టు కూడా నిజం. అందులో ఏ ఒక్కదాన్నో ఉంచి మిగతావి దాచేస్తేనే సమస్య.

ఈ హాబీలో మామూలుగా జరిగేది అదే అని నా కంప్లైంట్. లారీ మీద నెలల తరబడి కష్టపడతారు. తుప్పు మరకలు వేస్తారు, గులకరాళ్ల రోడ్డు బూడిదరంగు దుమ్ము కొడతారు, బోల్టులు లెక్కపెట్టి అతికిస్తారు. చివర్లో పెరట్లో దొరికిన నాలుగు పుల్లలు విరిచి పైన పడేస్తారు. పుల్ల మందం ఒకటిన్నర సెంటీమీటర్లు ఉంటే, 1/25లో అది 37 సెంటీమీటర్ల దుంగ. అలాంటి దుంగల కోసం ఎవడూ 12 అడుగుల వెడల్పు లారీ కట్టడు! రాజమండ్రి పేపర్ మిల్లుకి సరుగుడు, సుబాబుల్ కర్రలు మన మామూలు లారీలే మోస్తున్నాయి కదా. పుల్లలేసిన మోడల్ చూస్తే, ఆ లారీ అంత పెద్దగా ఎందుకుందో అర్థమే కాదు. ఏదో మగతనం చూపించుకోవడానికి కట్టినట్టు ఉంటుంది. ప్రశ్నని తీసేసి జవాబుని షో కేసులో పెట్టడం అంటే ఇదే.

గీయలేని గీతలు

కాబట్టి దుంగ కూడా స్కేల్‌లో ఉండాలి. రెండు మీటర్ల అడ్డకొలత ఉన్న దుంగ అంటే నాకు ఎనిమిది సెంటీమీటర్ల కొమ్మ కావాలి. సరుగుడు మాను బెరడు నిలువు చారలతో ఉంటుంది కాబట్టి దూరం నుంచి సెడార్‌లా కనపడుతుంది. బెరడు వరకు ఫర్లేదు. చిక్కంతా కోసిన ముఖం దగ్గర. త్వరగా పెరిగిన మన కొమ్మలో ఉంటే గింటే కొన్ని వలయాలుంటాయి. నిజం దుంగలో? వలయానికి వలయానికి మధ్య రెండు మిల్లీమీటర్లు వేసుకున్నా, మీటరు వ్యాసార్థంలో 500 వలయాలు. ఒక మిల్లీమీటరైతే వెయ్యి. వాటిని 1/25లో గీయాలంటే గీతల మధ్య దూరం 0.08 నుంచి 0.04 మిల్లీమీటర్లు ఉండాలి. మన తల వెంట్రుక మందమే దాదాపు అంత. ఎంత సన్నని పెన్నుతోనూ అవి గీయలేం.

లారీలో నేను చెయ్యలేని భాగం ఒక్కటీ లేదు, ఓపిక ఉంటే చాలు. దుంగలో చెయ్యలేనిది ఉంది. పొడవుని 25 పెట్టి భాగించొచ్చు, బరువుని 15,625 పెట్టి భాగించొచ్చు, అయిదు వందల ఏళ్లని మాత్రం దేంతో భాగించాలో ఏ స్కేలూ చెప్పదు. ఈ సంగతి చెట్ల మీద ఉపన్యాసం విన్నప్పుడు నాకు తట్టలేదు, పెన్ను పట్టుకుని ఎనిమిది సెంటీమీటర్ల చెక్క ముఖం ముందు కూర్చున్నప్పుడు తట్టింది. అందుకే ఆ క్లాస్‌మేట్‌కి నా జవాబు: అవును, చెట్లు నరికే లారీకే మోడల్. కట్టడం ఆపేస్తే ఆ లెక్క ఎప్పటికీ వెయ్యం. అందంగా కట్టి దుంగని దాచేస్తే ఆ లెక్కని చెరిపేసినట్టు.

మనం రేపు కట్టబోయే సిస్టమ్స్‌కి కూడా ఇది వర్తిస్తుందని నా నమ్మకం. ఏ మోడలైనా ఏదో ఒకటి వదిలేస్తుంది. ఏం వదిలేశామో తెలిసి, అది పైకి చెప్పడం ఇంజనీర్ పని. డెమోలో యంత్రం ఎంత స్పీడో చూపిస్తాం, అది దేన్ని తిని నడుస్తోందో స్లైడ్‌లో ఉండదు. డేటా సెంటర్‌కి నీళ్లెక్కడివో, ట్రైనింగ్ డేటాకి లేబుళ్లు పెట్టినవాళ్లెవరో, ఆ దుంగలు ఎప్పుడూ ఫ్రేము బయటే ఉంటాయి.

2011లో వాంకూవర్ దీవిలో పోర్ట్ రెన్‌ఫ్రూ దగ్గర ఒక కలప కంపెనీ కోసం అడవి కొలుస్తున్న డెనిస్ క్రోనిన్ అనే ఆయన ఒక డగ్లస్ ఫర్ చెట్టు ముందు ఆగాడు. దాని చుట్టూ ఆకుపచ్చ రిబ్బన్ కట్టాడు. దాని మీద ఉన్న మాటకి అర్థం, ఈ చెట్టుని వదిలెయ్యండి అని. చుట్టూ ఉన్న అడవంతా నరికేశారు, అది ఒక్కటే మిగిలింది. జనం దానికి ‘బిగ్ లోన్లీ డగ్’ అని పేరు పెట్టుకున్నారు. ఎత్తు సుమారు 66 మీటర్లు, మొదలు అడ్డకొలత దాదాపు నాలుగు మీటర్లు. 1/25లో మొదలు 16 సెంటీమీటర్లు, అంటే నా లారీ అంత వెడల్పు. ఎత్తు 2 మీటర్ల 64 సెంటీమీటర్లు. మా హాస్టల్ గదిలో నిలబెడితే ఫ్యాన్‌కి తగులుతుంది.

లారీ పూర్తయ్యాక మన క్లబ్ ప్రదర్శనలో పెట్టాలని ఉంది. టేబుల్ మీద లారీ, దాని వెనక గోడ మీద నేల నుంచి 2.64 మీటర్లకి ఒక నిలువు గీత, కళ్లకి అందే ఎత్తులో చిన్న ఆకుపచ్చ రిబ్బన్ ముక్క. వచ్చినవాళ్లు ముందు లారీనే చూస్తారు, అది ఖాయం. తల ఎత్తి ఆ గీత ఎక్కడిదాకా పోయిందో కూడా ఒకసారి చూడండి.